పునాది బాగుచేయించిన ఇల్లు కొనాలా?

విశాఖపట్నంలో పాత ఇల్లు కొనబోయే కుటుంబం ముందు లాయరు దగ్గరికి వెళ్తుంది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, జీవీఎంసీ మంజూరు చేసిన ప్లాను, పన్ను రసీదులు చూపిస్తుంది. తర్వాత వాస్తు తెలిసినాయన వచ్చి వీధిపోటు ఉందా, ఈశాన్యం సరిగ్గా ఉందా అని చూసి వెళ్తాడు. అప్పు తీసుకుంటే బ్యాంకు తరఫు వాల్యుయర్ వచ్చి కొలతలు రాసుకుని ధర కడతాడు. ఇంటి కింద నేల సంగతి తేల్చడం ఈ ముగ్గురిలో ఎవరి పనీ కాదు. ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో పనిచేసి రిటైరైన ఉద్యోగి పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బంతా పోసి గాజువాకలోనో మర్రిపాలెంలోనో ఇల్లు కొంటాడు. అంత మొత్తం మళ్లీ చేతికి రాదు. అయినా పునాది గురించి అడిగేవాళ్లు అరుదు. మధ్యవర్తి నోట ‘పిల్లర్లకు ఒకసారి రిపేరు చేయించారండీ’ అన్న మాట జారిందంటే మాత్రం బేరం అక్కడికక్కడే ఆగిపోతుంది. ముందు అడగకపోవడం ఎంత నష్టమో, విన్నవెంటనే బెదిరి వెళ్లిపోవడమూ అంతే నష్టం. పునాదికి మరమ్మతు జరిగిందన్న ఒక్క కారణంతో ఇంటిని వదులుకోనక్కర్లేదు. ఆ మరమ్మతు ఎందుకు అవసరమైందో, ఆ కారణం తొలగిందో లేదో తెలుసుకోకుండా మాత్రం అడ్వాన్సు ఇవ్వకూడదు. ఎందుకో ఈ ఊరి నేలను చూస్తే అర్థమవుతుంది.

‘విశాఖ రాతి మీద ఉన్న ఊరు, ఇక్కడ పునాదులకు భయమేమిటి’ అనేవాళ్లు చాలామంది. ఇందులో సగమే నిజం. ఊరి చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల్లోవి. వాటిలో ఎక్కువగా కనిపించే ఖోండలైటు రాయి వానకూ ఎండకూ తేలిగ్గా శిథిలమవుతుంది. ఎర్రమట్టిగా, కొన్నిచోట్ల తెల్లటి బంకగా మారిపోతుంది. అందుకే ఒకే స్థలంలో ఒక మూల గునపం దిగని రాయి తగిలితే, నాలుగు గజాల అవతల చేత్తో నలిగే మట్టి రావచ్చు. ఇక ఉత్తరాన సింహాచలం కొండల వరుసకూ దక్షిణాన యారాడ కొండకూ నడుమ ఉన్నదంతా పల్లం. మేఘాద్రిగెడ్డ లాంటి గెడ్డలు తెచ్చిన ఒండ్రు, సముద్రపు పోటు తెచ్చిన బురద అక్కడ కలిశాయి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ తొలిసారి లోపలికి వచ్చిన ఇన్నర్ హార్బరును ఆ చిత్తడి నేలను తవ్వే తయారుచేశారు. ఆ ప్రాంతపు సముద్రపు బంకమట్టి గురించి జియోటెక్నికల్ ఇంజినీర్లు దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తూనే ఉన్నారు. నీటిశాతం ఎక్కువ, బలం తక్కువ, బరువు పెడితే ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంగుతుంది. తీరం వెంట ఇసుక, భీమిలి వైపు ఎర్రమట్టి దిబ్బలు సరేసరి. ఒక ఊరిలో ఇన్ని రకాల నేలలు ఉన్నప్పుడు, పక్కవీధిలో ఇల్లు నిక్షేపంగా ఉందన్నది మన ఇంటికి హామీ కాలేదు.

నేల కుంగడమే ప్రమాదమనుకోవడం పొరపాటు. ప్రతి కట్టడమూ కొంత కుంగుతుంది. ఇల్లంతా సమానంగా దిగితే గుమ్మం ముందు మెట్టు కాస్త పొట్టిదవుతుంది, పైపుల కీళ్లు సర్దాల్సి వస్తుంది, అంతకుమించి పెద్దగా ఏమీ జరగదు. ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ దిగితేనే గోడ చీలుతుంది. పునాదుల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ఈ తేడాను అంకెల్లో పెట్టింది. ఒక్కో పిల్లరు అడుగున విడిగా వేసే ఫుటింగుల మీద నిలిచే ఆర్‌సీసీ భవనం ఇసుకలోనూ గట్టి బంకలోనూ మొత్తం మీద 50 మిల్లీమీటర్లు, మెత్తని బంకలో 75 మిల్లీమీటర్లు కుంగినా అనుమతి ఉంది. రెండు పిల్లర్ల మధ్య తేడా మాత్రం వాటి నడుమ దూరంలో వెయ్యికి ఒకటిన్నర వంతు దాటకూడదు. అంటే నాలుగు మీటర్ల ఎడం ఉన్న పిల్లర్ల మధ్య తేడా 6 మిల్లీమీటర్లు మించకూడదన్నమాట. ఐదు సెంటీమీటర్లు మొత్తంగా దిగినా తట్టుకునే ఇల్లు, సెంటీమీటరు తేడాకు పగుళ్లు చూపించవచ్చు. ఇల్లు ఎంత కుంగిందన్న దానికన్నా ఎక్కడెక్కడ ఎంత తేడాతో కుంగిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఆ తేడా పుట్టడానికి కొండవాలు కన్నా అనువైన చోటు లేదు. ఆరిలోవ, హనుమంతవాక, గోపాలపట్నం, మధురవాడ వైపు వాలులో స్థలం చదును చేసేటప్పుడు ఎగువ భాగాన్ని తవ్వి, ఆ మట్టినే దిగువన పోసి, కింద రాతిగోడ కట్టడం మామూలు. దానివల్ల ఇంట్లో సగం పుట్టుభూమి మీద, సగం పోసిన మట్టి మీద నిలుస్తుంది. పోసిన మట్టిని పొరలుపొరలుగా తడిపి రోలరుతో అణచకపోతే మొదటి పెద్ద వానకే అది సర్దుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు గది మధ్యలో, సరిగ్గా తవ్విన నేలా పోసిన నేలా కలిసే గీత మీద, పగులు వస్తుంది. కింది గోడకు నీరు పోయే రంధ్రాలు లేకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే తడిసిన మట్టి బరువుకు వెనక నిలిచిన నీటి ఒత్తిడి తోడవుతుంది. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నం కొండవాలులో మట్టి జారి కొన్ని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, సింహాచలం చందనోత్సవం రోజు, భారీ వానకు కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. అది ఇల్లు కాదు, నిజమే. కానీ వాలులో కట్టిన గోడ, దాని వెనక నీరు, దాని కింద పునాది అనే మూడింటి సంబంధం గుడి దగ్గరైనా ఇంటి దగ్గరైనా ఒక్కటే.

తీరం వెంట ఉన్న ఇళ్లలో నేల గట్టిగానే ఉన్నా పునాది పాడయ్యే దారి ఇంకొకటి ఉంది. ఉప్పుగాలి, ఉప్పదనం ఉన్న భూగర్భజలం కాంక్రీటులోకి చేరితే లోపలి ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. ఆ పగుళ్లు చువ్వల వెంటే, నిలువుగా, పిల్లరు మొదట్లో మొదలవుతాయి. పైన ఎక్కడా కనిపించకుండా నేలలోని రెండడుగుల మెడ భాగంలోనే జరిగేది చాలా. అక్కడ నేల తడిసి ఆరుతూ ఉంటుంది, చెమ్మతోపాటు గాలి కూడా అందుతుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ లాంటి సముద్రపు దగ్గర పేటల్లో ‘పునాది రిపేరు’ అంటే నేలతో సంబంధం లేని ఈ ఇనుము జబ్బే అయి ఉండవచ్చు. దీనికీ కుంగుడుకూ వైద్యం వేరు. పేరు ఒకటే అయినందువల్ల కొనేవాడు రెండింటినీ ఒకే గాటన కడతాడు.

మనుషులు చేజేతులా తెచ్చుకునేవి మరికొన్ని. ఒక అంతస్తుకు వేసిన ఫుటింగ్ మీద పిల్లల పెళ్లిళ్ల నాటికి ఇంకో రెండంతస్తులు లేస్తాయి. అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధీకరించే బీపీఎస్ పథకం కింద రుసుము కట్టి క్రమబద్ధీకరణ పత్రం తెచ్చుకుంటారు. ఆ కాగితం అనుమతి లేని లోటును పూడుస్తుంది, ఫుటింగ్ వెడల్పును పెంచదు. కొనేవాళ్లు ఈ తేడా గమనించడం లేదు. ఇంకొకటి, పక్క స్థలంలో తవ్వకం. 2023 మార్చి 23న కలెక్టరేటుకు దగ్గరలోని రామజోగిపేటలో అర్ధరాత్రి దాటాక పాత మూడంతస్తుల ఇల్లు కూలి ముగ్గురు చనిపోయారు. పక్కన జరిగిన తవ్వకం పనులు పాతబడిన పునాదిని కదిలించి ఉండవచ్చని అప్పట్లో అనుమానాలు వచ్చాయి. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి దగ్గరి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంతలు తీస్తుండగా ఐదంతస్తుల భవనం ఒరిగింది. ఇక నిలబెట్టే అవకాశం లేక అధికారులు దాన్ని కూల్చేశారు. మన ఇంటి పునాది ఎంత బాగున్నా దాని పక్కన మట్టి అలాగే ఉండాలి. కాబట్టి కొనబోయే ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంటే, అక్కడ రేపు సెల్లారు తవ్వితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా కొనేవాడిదే.

ఇన్ని కారణాలు ఉన్నప్పుడు మరమ్మతు ఒకే రకంగా ఉండదు. ఫుటింగ్ కింద మెత్తని మట్టి ఉంటే దాని కిందికి కొద్దికొద్ది భాగాలుగా తవ్వి కాంక్రీటు నింపి లోతైన గట్టినేలకు చేర్చడం ఒక పద్ధతి. దీన్ని అండర్‌పిన్నింగ్ అంటారు. ఒకేసారి పొడుగునా తవ్వితే ఇల్లే కూలుతుంది కాబట్టి ఒక భాగం తీసి నింపి, అది గట్టిపడ్డాక పక్కది తీస్తారు. చోటు ఇరుకైతే, బంక లోతుగా ఉంటే, సన్నని మైక్రోపైళ్లు దింపుతారు. 1950ల తొలినాళ్లలో యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాల కోసం ఇటలీ ఇంజినీరు ఫెర్నాండో లిజ్జి రూపొందించిన పద్ధతి ఇది. వదులుగా ఉన్న ఇసుకలో సిమెంటు గ్రౌటింగ్ పనిచేస్తుంది, మెత్తని బంకలో అదే పని అంతగా ఫలించదు. తుప్పుపట్టిన పిల్లరుకు పెచ్చులు చెక్కి, తుప్పు గీకి, కొత్త చువ్వలు కట్టి, చుట్టూ కాంక్రీటు తొడుగు పోసి జాకెటింగ్ చేస్తారు. ఆ జాకెట్టు నేలమట్టం దగ్గరే ఆగిపోయి ఫుటింగ్ దాకా దిగకపోతే చేసిన ఖర్చులో ఎక్కువ భాగం వృథా. కొండవాలు ఇంటికి అసలు మరమ్మతు గోడకు నీటి రంధ్రాలు, ఎగువన కాలువ. రోగం ఒకటై మందు ఇంకొకటైతే ఇల్లు బాగుపడినట్టు కనిపిస్తుంది. రెండు వర్షాకాలాలు గడిచాక మళ్లీ పగులుతుంది.

ఇటీవల మన రాష్ట్రంలో బాగా పెరిగిన ఇంకో పని ఇంటిని ఎత్తడం. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెంచుతూ పోయేసరికి పాత ఇళ్లు పల్లంలో పడ్డాయి. వానొస్తే డ్రైనేజీ నీళ్లు గుమ్మం దాటుతాయి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను వానకు విమానాశ్రయమే నీళ్లలో నిలిచిన ఊరిది. హర్యానా నుంచి వచ్చే బృందాలు గోడల కింద పదుల, వందల సంఖ్యలో జాకీలు పెట్టి ఇంటిని మూడు నాలుగు అడుగులు లేపి, ఖాళీలో కొత్త ఇటుకకట్టు కట్టేసి వెళ్తాయి. గోడల మీదే బరువు నిలిచే పాత ఇంటికి ఇది జాగ్రత్తగా చేస్తే బాగానే కుదురుతుంది. పిల్లర్లున్న ఇంటి విషయం వేరు. పిల్లరును కోసి లేపాక పాత చువ్వకు కొత్త చువ్వ ఎంత పొడవు కలిపారో, వెల్డింగ్ చేశారో లేక ఊరికే ఆనించి కాంక్రీటు పోశారో తెలియాలి. అదీగాక ఇంటిని ఎత్తినంత మాత్రాన కింద నేల మారదు. ఎత్తిన ఇల్లు కొనేవాళ్లు ఎత్తుతున్నప్పటి ఫొటోలు అడగాలి. ఈ పని చేయించిన చాలా కుటుంబాల దగ్గర సెల్‌ఫోనులో అవి ఉంటాయి.

మరమ్మతు చేసిన పునాదిని అసలు నమ్మవచ్చా? దీనికి ప్రపంచంలో అందరికీ తెలిసిన సాక్ష్యం పీసా గోపురం. 1173లో మొదలై, మెత్తని నేల వల్ల కడుతుండగానే ఒరిగిన గోపురమది. 1934లో పునాదికి బలం పేరిట రంధ్రాలు చేసి టన్నులకొద్దీ సిమెంటు గ్రౌటు ఎక్కించారు. దాంతో ఒరుగు తగ్గలేదు సరికదా ఇంకాస్త పెరిగింది. 1990లో ప్రమాదమని జనాన్ని లోపలికి రానివ్వడం మానేశారు. ఆ తర్వాత అంతర్జాతీయ నిపుణుల సంఘం ఏళ్ల తరబడి నేలనూ భూగర్భజలాన్నీ కొలిచి, ఒరుగుకు ఎదురు వైపు నుంచి, అంటే ఉత్తరాన, కొద్దికొద్దిగా మట్టి తీసింది. గోపురం దాదాపు అర డిగ్రీ వెనక్కి వచ్చింది. 2001 చివర్లో మళ్లీ తలుపులు తెరిచారు. అదే గోపురం, అదే నేల. కారణం తెలియకుండా చేసిన మరమ్మతు హాని చేసింది, తెలుసుకుని చేసినది నిలబెట్టింది. ఇంగ్లండులోని వించెస్టర్ కెథెడ్రల్‌లో 1906 నుంచి 1911 దాకా విలియం వాకర్ అనే డైవరు నీళ్లలో మునిగి పునాది కింద సిమెంటు బస్తాలు పేర్చాడు. ఆ కట్టడం నేటికీ నిలిచే ఉంది. మన డాబా ఇళ్లకు ఇంత కథ అక్కర్లేదు. మరమ్మతుతో పునాదికి ఆయువు పెరుగుతుందనడానికి మాత్రం ఈ రుజువులు చాలు.

అయితే అమ్మకానికి పెట్టిన ఇంట్లో ఏది ఎలాంటి మరమ్మతో కొనేవాడు ఎలా తెలుసుకోవాలి? కాగితాలతో మొదలుపెట్టాలి. పని చేయించే ముందు ఇంజినీరు రాసిన నివేదిక, మట్టిపరీక్ష ఫలితం, డ్రాయింగు, పని జరిగినప్పటి ఫొటోలు, బిల్లులు ఉంటే ఆ ఇంటి యజమాని కారణం వెతికాడనడానికి అవే గుర్తు. మేస్త్రీ చెప్పినట్టు చేశామనే సమాధానం ఒక్కటే ఉంటే ఆ మరమ్మతును లెక్కలోకి తీసుకోకుండా, మరమ్మతు జరగని ఇంటిని చూసినట్టే చూడాలి. తర్వాత కాలం. పని అయ్యాక కనీసం రెండు వానాకాలాలు, ఒక గట్టి వేసవి గడిచి కొత్త పగులు రాకపోతే నమ్మకానికి ఆధారం దొరికినట్టే. నెల కిందట బాగుచేయించి, రంగులేసి అమ్మకానికి పెట్టిన ఇల్లయితే ధర ఎంత తక్కువైనా నేను తొందరపడవద్దనే చెబుతాను. ఆ తర్వాత గోడలు చూడాలి. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా ఎక్కే పగులు, ఇటుక వరుసల వెంట మెట్లుమెట్లుగా వెళ్లే పగులు, ఒక చివర వెడల్పు ఒక చివర సన్నం అయిన పగులు కుంగుడును సూచిస్తాయి. ఇటుకగోడా పిల్లరూ కలిసేచోట నిలువుగా వెంట్రుకంత సన్నగా వచ్చేదాని గురించి దిగులుపడక్కర్లేదు. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చే సాలెగూడు లాంటి గీతలూ అంతే. అయిదు మిల్లీమీటర్లు దాటిన పగులు, దాన్ని పూడ్చిన చోట మళ్లీ విచ్చుకున్న పగులు ఉంటే ఇంజినీరును పిలవకుండా ముందుకు పోకూడదు. తలుపులు బిగుసుకోవడం, ఒక గదిలో బండలు బోలుగా మోగడం, బంతి పెడితే ఒకే మూలకు దొర్లడం కూడా చూడాలి. బీరువా వెనక, మంచం వెనక, మెట్ల కింద చూడనిమ్మని అడగడానికి మొహమాటపడకూడదు.

ఇంజినీరు వచ్చాక చేయగల పరీక్షలు సామాన్యుడికి అందనంత ఖరీదైనవేమీ కావు. ఒకటి రెండు పిల్లర్ల పక్కన గొయ్యి తీసి ఫుటింగ్ దాకా చూడటం అన్నిటికన్నా సూటైన పరీక్ష. జాకెట్టు కిందిదాకా దిగిందా, మెడ దగ్గర తుప్పుందా, ఫుటింగ్ రాతి మీద ఉందా మట్టి మీద ఉందా అన్నవి కళ్లకు కనిపిస్తాయి. చెక్కిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న భాగం గులాబీ రంగుకు మారుతుంది. రంగు మారని భాగంలో ఇనుముకు రక్షణ పోయిందని అర్థం. ఉప్పు చేరిందో లేదో తేల్చడానికి మాత్రం నమూనా తీసి ల్యాబుకు పంపాలి, ఎందుకంటే ఉప్పు చేరిన కాంక్రీటు కూడా గులాబీగానే మారవచ్చు. అవసరమైతే బోరు వేసి ఎస్‌పీటీ చేస్తారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కించే పరీక్ష అది. దెబ్బలు తక్కువ పడితే నేల మెత్తనిది. పగులు ఇంకా కదులుతోందా అని తెలియాలంటే దాని మీద అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించి, తేదీ రాసి వదిలేస్తారు. కదలిక ఉంటే గాజు విరుగుతుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే ఒక వానాకాలం అంతా దాన్ని ఉంచవచ్చు.

ఇక్కడే అసలు అభ్యంతరం వస్తుంది. మంచి ఇంటికి పదిమంది క్యూలో ఉంటారు, గొయ్యి తీస్తాను, గాజు అతికిస్తాను అంటే అమ్మేవాడు ఇంకొకరికి ఇచ్చేస్తాడని. ఈ మాటలో నిజం ఉంది. కానీ తొందరలో కొన్నవాడు పరీక్షను తప్పించుకోడు, వాయిదా వేస్తాడంతే. మొదటి తుపాను ఆ పరీక్ష ఎలాగూ పెడుతుంది. అప్పుడయ్యే ఖర్చు మొత్తం అతనిదే. గొయ్యి తీయడానికి అమ్మేవాడు ససేమిరా అంటే ఆ నిరాకరణనే జవాబుగా తీసుకోవచ్చు. ‘రిపేరు ఉందని తెలిశాక దాన్నెందుకు, రిపేరు లేనిదే కొనుక్కుంటాం’ అనేది ఇంకో వాదన. మరమ్మతు జరగలేదని మనకెలా తెలుసు? ఇరవై ముప్పై ఏళ్ల ఇంటికి ఇన్ని రకాల నేలలున్న ఊరిలో ఏ ఇబ్బందీ రాలేదంటే రెండు అర్థాలు ఉండవచ్చు. నిజంగానే నేల మంచిది, లేదా పగుళ్లమీద పుట్టీ, రంగు బాగా పడ్డాయి. కాగితాలతో సహా మరమ్మతు చూపించే ఇంటి గురించి మనకు తెలిసినంత, ఏమీ జరగలేదని చెప్పే ఇంటి గురించి తెలియదు. ధరలో కాస్త తగ్గింపు అడిగి, మిగిలిన డబ్బుతో ఇంజినీరుకు ఫీజిచ్చి, బాగా బాగుచేసిన ఇల్లు కొన్నవాడే ఎక్కువ సుఖపడతాడని నా నమ్మకం.

అమ్మేవాళ్ల వైపు వాదన కూడా వినాలి. నిజం చెప్తే ధర పడిపోతుంది, డబ్బు పోసి బాగుచేయించింది మేమే, శిక్షా మాకేనా అంటారు. ఈ బాధ నిజమే, దానికి కారణం కొనేవాళ్ల భయమే. కానీ దాచడానికి చట్టం అనుమతి ఇవ్వలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే చెప్పాలి. వేరే ఒప్పందం లేనప్పుడు ఇది అతని బాధ్యత. చెప్పకపోవడం మోసమని అదే సెక్షన్ అంటుంది. నేలలో కప్పిపెట్టిన ఫుటింగ్ లోపం కన్నా దీనికి సరిగ్గా సరిపడే ఉదాహరణ కష్టం. అయితే గోడమీద కళ్లెదుట ఉన్న పగులును కొనేవాడే చూసుకోలేదంటే కోర్టులో ఈ సెక్షన్ అంతగా ఆదుకోదు. అందుకే చూడటం, అడగటం, జవాబును రాతలో తీసుకోవడం మూడూ చేయాలి. కొత్త ఫ్లాటయితే 2016 రెరా చట్టం 14వ సెక్షన్ అండ ఉంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి తెలియజేస్తే, బిల్డరు ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఒక యజమాని నుంచి ఇంకో యజమాని కొనే పాత ఇంటికి ఆ రక్షణ లేదు. అమెరికాలో టెక్సస్‌లో మామూలు ఇల్లు అమ్మేవాడు తనకు తెలిసిన లోపాలనూ, గతంలో చేసిన నిర్మాణ మరమ్మతులనూ నిర్ణీత పత్రంలో రాసి ఇవ్వాలని చట్టమే ఉంది. డాలస్ చుట్టుపక్కల మన గుంటూరు నల్లరేగడి లాంటి ఉబ్బి కుంగే బంకమట్టి కావడంతో అక్కడ పునాది మరమ్మతు పెద్ద వ్యాపారం. అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఆ పత్రం చదివి బేరమాడి కొంటారు. అదే కుటుంబం మధురవాడలో తల్లిదండ్రుల కోసం ఇల్లు కొనేటప్పుడు ఆ ప్రశ్న అడగదు. ఇలాంటి పత్రాన్ని రిజిస్ట్రేషన్‌తోపాటు తప్పనిసరి చేస్తే మన ప్రభుత్వానికి ఖర్చేమీ ఉండదు.

అపార్టుమెంటు ఫ్లాటు విషయంలో ప్రశ్న ఇంకోలా ఉంటుంది. మూడో అంతస్తులో కొన్నవాడు కూడా అందరితోపాటు అదే పునాది మీద నివసిస్తాడు. కానీ ఒక్కడే దాన్ని బాగుచేయించలేడు. అడగాల్సింది ఫ్లాటు యజమానినే కాదు, అసోసియేషన్‌ని కూడా. పిల్లర్లకు జాకెటింగ్ కోసం ఎప్పుడైనా ప్రత్యేకంగా చందా వేశారా, సగంమంది కట్టక పని సగంలో ఆగిందా అన్నది మినిట్స్ పుస్తకంలో దొరుకుతుంది. కింది పార్కింగులో పిల్లర్ల మొదళ్లు ఒక్కసారి చూస్తే ఆ పుస్తకంలో లేనిది కూడా తెలుస్తుంది. కొన్ని పిల్లర్లు లావుగా, కొన్ని పాతవిగా ఉంటే ఎందుకని అడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా అన్న ప్రశ్న కూడా ఇక్కడ వృథా పోదు.

ఇండిపెండెంట్ ఇల్లు కొనేవాళ్లలో చాలామంది ఇంకో మాట అంటారు. సీతమ్మధారలోనో ద్వారకానగర్‌లోనో ధరలో ఎక్కువ వంతు గజాలదే, ఇంటిని ఎలాగూ కొట్టేసి కొత్తది కడతాం, పాత పునాది గొడవ మాకెందుకని. ఇంటి సంగతి వరకూ ఇది న్యాయమైన వాదనే. కాకపోతే పాత ఇంటి పునాది ఎందుకు చెడిందో అదే నేల కొత్త ఇంటికీ చెబుతుంది. ఆ నేల మీద విడివిడి ఫుటింగులు సరిపోక ఇంటి కిందంతా ఒకే పలకగా రాఫ్టు వేయాల్సి వస్తుందా, పైళ్లు దింపాలా అన్న దాన్ని బట్టి నిర్మాణ ఖర్చు లక్షల్లో మారుతుంది. పాత యజమాని మరమ్మతు నివేదిక, మట్టిపరీక్ష కాగితం అప్పుడు గజాల ధర తేల్చడానికే పనికొస్తాయి. కూలగొట్టే ఇల్లని వాటిని చెత్తలో వేయకూడదు.

ఈ ఊరిలో ఇల్లు చూడటానికి వీలైతే అక్టోబరు, నవంబరు నెలల్లో, పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లండి. అమ్మేవారిని పునాదికి ఎప్పుడైనా మరమ్మతు జరిగిందా, జరిగితే ఎందుకు జరిగింది, ఎవరు చెప్పగా చేయించారు, ఆ కాగితాలు ఏవి అని అడగండి. జవాబును అమ్మకపు అగ్రిమెంటులో ఒక వాక్యంగా రాయించుకోండి. ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.